నారబట్ట, గోనెపట్ట, పొందూరు నూలు

ఈ మాటలు రేడియోలో వింటున్నవారైనా, తరువాత పత్రికలో చదువుకొంటున్నవారైనా ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ చీర కొంగునో, చొక్కా చేతినో రెండు వేళ్ళతో పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూడండి. నిలువుగా కొన్ని పోగులు, అడ్డంగా కొన్ని పోగులు కనబడతాయి. నిలువుది పడుగు, అడ్డంది పేక. మనిషి ఈ రెండింటినీ కలపడం నేర్చుకొని ఎన్ని వేల ఏళ్ళయిందో తెలుసా? ఐగుప్తు దేశంలో తార్ఖాన్ అనే చోట 1913లో తవ్వకాలు జరిగినప్పుడు మాసిన పీలికల మూట ఒకటి దొరికింది. దాన్ని లండన్ తీసుకొనిపోయి ఒక మూల పెట్టారు. అరవై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరూ విప్పలేదు. 1977లో విప్పి శుభ్రం చేస్తే అందులో నుండి కుచ్చులు పెట్టి కుట్టిన నార చొక్కా ఒకటి బయటపడింది. 2016లో పరీక్షించి, అది క్రీస్తుకు పూర్వం 3482 నుండి 3102 మధ్య కాలానిదని తేల్చారు. అంటే అబ్రాహాము పుట్టకముందే ఎవరో ఆ చొక్కా తొడుక్కున్నారు. మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. తీసేటప్పుడు లోపలిది పైకి తిరగబడింది, మన పిల్లలు బడి నుండి వచ్చి విప్పిపడేసినట్లుగా.

బట్టల చరిత్ర అంటే రాజుల కిరీటాల చరిత్ర అని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోవడంలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మిమ్మల్ని పొందూరు తీసుకొనివెళ్ళాలి.

శ్రీకాకుళం జిల్లాలో పొందూరు పేరు వినని వారుండరు. అక్కినేని నాగేశ్వరరావు గారి పంచెకట్టు చూసి మురిసిపోయిన తరం వారికి ఆ పంచె ఎక్కడిదో కూడా తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఒక పెళ్ళికి ఆ ఊరు వెళ్ళినప్పుడు ఒక మామ్మ తన ఇంటి అరుగు మీద కూర్చొని దూది శుభ్రం చేస్తూ కనబడింది. ఆమె చేతిలో ఉన్నది దువ్వెన అనుకొని దగ్గరకు వెళ్ళాను. దువ్వెన కాదు, వాలుగ చేప దవడ ఎముక! దాని నిండా సూదుల్లాంటి సన్నని పళ్ళు. గింజతో ఉన్న పత్తిని ఆ పళ్ళ మీద మెల్లగా దువ్వితే చెత్త, నలుసు రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకు సర్దుకొంటాయి. ఇనుప దువ్వెనతో దువ్వితే పోగు తెగిపోతుందట. గోదావరి వైపు నుండి తెప్పించుకొనే ఆ దవడ ఎముక ఎన్నో ఏళ్ళు పనిచేస్తుంది.

ఆ తరువాత గింజ తీయాలి. చెక్క పలక మీద పత్తి పెట్టి సన్నని ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ ముందుకు జారిపోతుంది. ఆపైన విల్లుతో దూది ఏకాలి, ఏకులు చుట్టాలి, మట్టి తగలకుండా, మెత్తదనం పోకుండా వాటిని ఎండిన అరటి దొప్పలో దాచుకోవాలి. అప్పుడు రాట్నం ముందు కూర్చోవాలి. ఇదంతా అయ్యేది పెద్ద యంత్రాల మీద కాదు, ఆడవాళ్ళ ఒళ్ళో. వాడే పత్తి కూడా ఈ ప్రాంతపుదే. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అని పేర్లు. పోగు పొట్టిది గనుక మిల్లులకు అది పెద్దగా పనికిరాదు. మిల్లు వద్దన్న పత్తితోనే ఈ చేతులు నూరో నంబరు నూలు తీస్తాయి.

నూరో నంబరు అంటే ఏమిటో లెక్క చెబుతాను, వినండి. 840 గజాల చిలపలు ఎన్ని తూగితే ఒక పౌను బరువు అవుతుందో అదే నూలు నంబరు. నూరో నంబరు నూలు ఒక పౌను, అంటే అరకిలోకు కాస్త తక్కువ, విప్పి పరిస్తే దాదాపు 77 కిలోమీటర్లు పోతుంది. శ్రీకాకుళంలో ఒక కొస కట్టి బయలుదేరితే విజయనగరం చేరిన తరువాత కూడా చేతిలో ఇంకా నూలు మిగులుతుంది. ఆ పొడవంతా మనిషి వేళ్ళ మధ్య నుండి వచ్చిందే.

గాంధీగారు ఈ నూలు సంగతి విని ఆశ్చర్యపడి, స్వయంగా చూసి రమ్మని తన కుమారుడు దేవదాసు గాంధీని పంపించారని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకొంటారు. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. వడికేవారికి పత్తి ఇవ్వడం, నూలు తీసుకోవడం, నేతగాళ్ళకు అందించడం, బట్ట అమ్మడం దాని పని. పాతకాలపు తెల్లదొరలు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. చికాకోల్ మస్లిన్ అంటే ఢాకా మస్లిన్ పక్కన నిలబెట్టదగిన బట్ట అని వారి గెజిటీర్లలోనే రాసుకున్నారు.

ఇది నిన్న మొన్నటి కీర్తి కాదు. మన ప్రాంతం ఒకప్పుడు కళింగం. ముఖలింగం గంగరాజుల రాజధాని. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కౌటిల్యుని అర్థశాస్త్రం శ్రేష్ఠమైన నూలు బట్టలు దొరికే దేశాలను లెక్కపెడుతూ కళింగాన్ని అందులో చేర్చింది. ప్రాచీన తమిళ సంగ కవులైతే సన్నని బట్టకు ‘కలింగం’ అనే పేరే పెట్టేశారు. ఒక దేశం పేరు బట్ట పేరైపోయింది! నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు అదే ఆలోచన. మన తాతముత్తాతల పేర్లు ఒక్కటీ మిగలలేదు, వారు నేసిన బట్ట మాత్రం పక్క భాషలో మాటై నిలిచింది.

ఇప్పుడు మీ బైబిలు తెరవండి. ఎస్తేరు గ్రంథం మొదటి అధ్యాయం. అహష్వేరోషు రాజు హిందూదేశం నుండి కూషు వరకు ఏలాడని మొదటి వచనమే చెబుతుంది. ఆరో వచనంలో షూషను కోటలో విందు, తోటలో వేలాడదీసిన తెరలు. ఆ తెరల బట్టకు హెబ్రీ మూలంలో వాడిన మాట ‘కర్పస్’. సంస్కృతంలో పత్తిని కార్పాసం అంటారు. ఆ మాటే పారసీకుల మీదుగా హెబ్రీ భాషకు చేరింది. పరిశుద్ధ గ్రంథమంతటిలో ఈ మాట ఈ ఒక్క చోటనే ఉంది. ఆ అహష్వేరోషునే గ్రీకులు జెర్‌క్సెస్ అన్నారు. క్రీస్తుకు పూర్వం 486 నుండి 465 వరకు అతని ఏలుబడి. అతని సేనలో ఉన్న హిందూదేశపు సిపాయిలు చెట్టుకు కాసే ఉన్నితో చేసిన బట్టలు కట్టుకొనేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. గొర్రె ఉన్ని తప్ప తెలియని వారికి పత్తి అలాగే కనబడి ఉంటుంది. మొహెంజొదారోలో వెండి పాత్రకు అంటుకొని ఎర్రరంగు అద్దిన నూలుబట్ట ముక్క ఒకటి దొరికింది. ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికె అనే పాత రేవులో మన దేశపు నూలు బట్టల పీలికలు ఇసుకలో నుండి బయటపడ్డాయి.

ఐగుప్తువారిది నార, కల్దీయులది ఉన్ని, మనది నూలు. ఎవరి నేల ఏది పండిస్తే అది వారి వంటిమీదికి వచ్చింది. తరువాతే అర్థాలు పుట్టాయి. ఐగుప్తు యాజకులు ఉన్ని బట్టతో గుడిలో అడుగుపెట్టేవారు కారు, నార మాత్రమే శుద్ధమని వారి నమ్మకం. ఇశ్రాయేలీయులకు నార, ఉన్ని కలిపి నేసిన బట్ట వేసికొనరాదని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ. 22:11). అయితే ప్రధాన యాజకుని ఏఫోదులో సన్ననార, రంగుల నూలు రెండూ కలిసే ఉన్నాయి. ఆ రంగుల నూలు ఉన్నితో చేసినదే కావాలని, అలాంటి కలగలుపు బట్ట పరిశుద్ధ స్థలానికి ప్రత్యేకించినది గనుకనే సామాన్యులకు వద్దన్నారని కొందరు పండితులు చెబుతారు. నాకు ఆ మాట సబబుగానే తోస్తుంది.

ఊదారంగు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అది సముద్రపు నత్త నుండి తీసే రంగు. 1909లో ఒక జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను తీసుకొంటే వచ్చిన రంగు 1.4 గ్రాములు! రోము చక్రవర్తి డయోక్లెటియన్ 301లో ధరల శాసనం వేయించినప్పుడు ఆ రంగు అద్దిన పట్టుకు పౌను 1,50,000 దేనారాలని కట్టాడు. ఇశ్రాయేలు దేశపు దక్షిణాన తిమ్నా లోయలో దావీదు కాలం నాటి ఊదారంగు ఉన్ని పోగులు దొరికాయని 2021లో ప్రకటించారు. మూడు వేల ఏళ్ళయినా రంగు పోలేదు. లూదియ ఊదారంగు పొడి అమ్మేదని చదివినప్పుడు ఆమె చిల్లర వ్యాపారి కాదని మనం గ్రహించాలి. అయితే ఆమె ఊరు తుయతైర. ఆ ప్రాంతంలో నత్తకు బదులు ఒక మొక్క వేరు నుండి ఎరుపు తీసేవారు, మన కోస్తాలో ఒకప్పుడు చిరివేరుతో ఎరుపు తీసినట్లు. ఆమె అమ్మింది ఆ చౌక రంగే అయి ఉండవచ్చు.

ఊదారంగుకు ఎదురుగా నిలిచేది గోనెపట్ట. ఈ మాట మన విజయనగరం వైపు వారికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం అంటే ఒకప్పుడు జూట్ మిల్లుల పేర్లే గుర్తుకొచ్చేవి. ఇప్పుడు చాలా మూతబడ్డాయి. గోగు కట్టలను చెరువులో ఊరవేస్తే ఊరంతా ఆ వాసనే. నడుం లోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచిన చేతులు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. కాబట్టి యాకోబు గోనెపట్ట కట్టుకున్నాడంటే మన కళ్ళకు ఆ గోగునార సంచే కనబడుతుంది. నిజానికి ఆ కాలపు గోనె మేకవెంట్రుకలతో నేసినది, నల్లనిది. అందుకే ప్రకటన గ్రంథంలో సూర్యుడు నల్లబడడాన్ని దానితో పోల్చారు (ప్రకటన 6:12). హెబ్రీలో దాని పేరు ‘సక్’. గ్రీకుల మీదుగా ఆ మాట ప్రయాణించి ఇంగ్లీషువారి ‘శాక్’ అయింది. ఏడుపు బట్ట, ధాన్యం సంచి ఒకే పేరు పంచుకొన్నాయి.

మళ్ళీ ఎస్తేరు గ్రంథమే చూడండి. మొదటి అధ్యాయంలో నూలు తెరలు వేలాడిన ఆ కోట గుమ్మం దగ్గరకే నాలుగో అధ్యాయంలో మొర్దెకై గోనె కట్టుకొని వస్తాడు. గోనె కట్టినవాడు రాజు గుమ్మం దాటకూడదని నియమం. ఎస్తేరు అతనికి మంచి బట్టలు పంపింది. అతడు తీసుకోలేదు. ఏడ్చేవాడు కంటబడకూడదని నియమం పెట్టుకున్న కోట అది.

ప్రియులారా, నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి ఇక్కడ ఉంది. పేదవాని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే పొద్దు గుంకకముందే తిరిగి ఇచ్చేయాలని మోషే ధర్మశాస్త్రం (నిర్గమ. 22:26-27). ఎందుకంటే అతనికి ఉన్నది అదొక్కటే. పగలు అదే పైబట్ట, రాత్రి అదే దుప్పటి. ఇది కాగితం మీద రాసుకున్న మాట మాత్రమే కాదనడానికి ఒక సాక్ష్యం దొరికింది. 1960లో మధ్యధరా సముద్రపు ఒడ్డున ఒక పాత కోటలో కుండపెంకు మీద సిరాతో రాసిన అర్జీ ఒకటి బయటపడింది. క్రీస్తుకు పూర్వం ఏడో శతాబ్దానిది, బహుశా యోషీయా రాజు కాలానిది. అర్జీ పెట్టినవాడు ఒక కోతకూలి. నేను కోత కోశాను, కొలిచాను, గాదెలో పోశాను, పని ముగించాను, అయినా హోషయాహు అనేవాడు వచ్చి నా బట్ట పట్టుకొనిపోయాడు అని అధికారికి మొరపెట్టుకొంటున్నాడు. ఎండలో నాతోపాటు కోసినవారందరూ నా పక్షాన సాక్ష్యం చెబుతారు అంటున్నాడు. ఒకటికి రెండుసార్లు అదే మాట: నా బట్ట, నా బట్ట. ఆ కూలివాని పేరు మనకు తెలియదు. బట్ట తిరిగి వచ్చిందో లేదో కూడా పెంకు చెప్పదు.

సొలొమోను వస్త్రాల కంటే ఆ పెంకు ముక్కే నాకు గొప్పగా తోస్తుంది. ఎందుకంటే ఆ గొంతు నేను విన్నాను. మా చిన్నతనంలో ఊళ్ళో పెద్ద కామందు ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొనేవారు మా వీధి పెద్దలు. ఎవరూ ఆజ్ఞాపించేవారు కాదు, చేయి దానంతటదే వెళ్ళేది. తెలుగు దేశంలో ముతక నేత ఎవరిదో పాత రికార్డులు తిరగేస్తే తెలుస్తుంది. పల్లెల్లో మాలలు ముతక నూలు బట్ట నేసేవారని పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవారు రాసిపెట్టారు. మన సంఘాల్లో ఎందరి ముత్తాతలో గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్నవారే. ఊరంతటికీ బట్ట నేసిన చేయి తన భుజం మీది తువ్వాలు తీసేయవలసి వచ్చింది.

ఎవరు ఏ బట్ట కట్టాలో పైవారు నిర్ణయించడం మన దేశంలోనే పుట్టిన జబ్బు కాదు. అష్షూరువారి పాత చట్టంలో ఇంటి ఇల్లాలు ముసుగు వేసికొనాలి, దాసి వేసికొనకూడదు, వేసికొంటే శిక్ష. రోములో టోగా పౌరునికే. మన దక్షిణాన తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పైట వేసికొనడానికి దశాబ్దాలు పోరాడారు. రవిక తొడుక్కొని సంతకు వెళ్ళిన తల్లుల బట్టలు చింపారు, ఇళ్ళు తగలబెట్టారు. చివరకు 1859 జులై నెలలో రాజు ప్రకటన చేసి మై కప్పుకొనవచ్చు అన్నాడు, అప్పుడు కూడా పై కులాల స్త్రీల మాదిరిగా మాత్రం వద్దు అన్నాడు. ఆ పోరాటంలో ఆ స్త్రీల పక్షాన మాట్లాడిన లండన్ మిషనరీ సొసైటీవారే 1805లో మన విశాఖపట్నంలో దిగి, తెలుగులో బైబిలు అనువాదం మొదలుపెట్టిన సొసైటీవారు.

మన సంఘాల తెల్లచీర విషయం కూడా ఒక్క నిమిషం. పెళ్ళికూతురికి తెల్లచీర కట్టడం బైబిలులో ఉందా అని యౌవనస్థులు అడుగుతుంటారు. తొలి సంఘంలో బాప్తిస్మం పొందినవారికి తెల్లబట్టలు తొడిగేవారు, పునరుత్థాన పండుగ నుండి వారం దినాలు వారు వాటిలోనే ఉండేవారు. పెళ్ళి తెలుపు వేరు. 1840లో విక్టోరియా రాణి తన పెళ్ళికి తెల్లగౌను తొడుక్కొన్న తరువాతే ఇంగ్లండులో అది వాడుకై, మిషనరీల వెంట ఇక్కడికి వచ్చింది. కానీ ఇక్కడ తెలుపు అప్పటికే వేరే మాట చెబుతోంది. మా మేనత్త పెళ్ళికి తెల్లచీర తెస్తే మా మామ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. ఆమెకు తెలుపంటే ముండమోపి బట్ట. పాస్టరమ్మ గారు నచ్చజెప్పి నచ్చజెప్పి అలసిపోయి, చివరకు ఎర్రంచు ఉన్న తెల్ల నూలుచీర తెప్పించారు. దాన్ని చూసి మామ్మ, ఇది మధుపర్కం కదా, ముందే చెప్పరేం అని లేచి అన్నం తిన్నదట! ఊళ్ళో అందరూ పెళ్ళిపీటల మీద కట్టేదీ అదే. తెల్లదొరసానుల తెలుపు, మన మధుపర్కాల తెలుపు ఆ రోజు ఒక్క అంచుతో రాజీపడ్డాయి.

మళ్ళీ పొందూరు అరుగు మీదికి వస్తాను. దవడ ఎముక పట్టుకున్న మామ్మను అడిగాను, “మామ్మా, నువ్వు వడికిన నూలు చీర ఎప్పుడైనా కట్టావా?” అని. ఆమె నవ్వి, “నానేటి బాబూ, ఆ చీర కట్టడమేటి? అది పెద్దోళ్ళ బట్ట. నాను ఒక్కపాలి కూడా కట్టనేదు” అంది. ఆమె ఒంటి మీద ఉన్నది వెలిసిపోయిన మిల్లు చీర. రోజంతా రాట్నం తిప్పినా పొలం కూలికి వెళ్ళినవారి కూలి రాదు. అందుకే ఆ వీధిలో రాట్నం ముందు కూర్చున్నవారంతా తల నెరసినవారే. యేసుప్రభువు తొడుక్కున్న అంగీ కుట్టు లేకుండా ఏకంగా నేసినదని యోహాను రాశాడు (యోహాను 19:23). సిపాయిలు దాన్ని చింపక చీట్లు వేసుకున్నారు, విలువ తెలిసినవారు గనుక. అది నేసిన చేయి ఎవరిదో సువార్త చెప్పదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు మాత్రం విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు పట్టుకొని వచ్చి, ఏడుస్తూ ఒక్కొక్కటీ పేతురుకు చూపించారు (అపొ. కా. 9:39). బట్ట చేసిన మనిషిని పేరుతో తలచుకొన్న చోటు అది.

నీ తరువాత ఇది ఎవరు నేర్చుకొంటున్నారని కూడా మామ్మను అడిగాను. మనవరాలు పదో తరగతి అయిపోగానే విశాఖపట్నం అవతల రెడీమేడ్ బట్టల కంపెనీలో చేరిందట. రోజూ తెల్లారకముందే బస్సు ఎక్కుతుంది. వరసగా కూర్చొని కుట్టే మిషన్ల మీద ఆమె పని కాలర్లు అతకడం. పండుగకు వచ్చినప్పుడు మామ్మకు ఒక చొక్కా చూపించిందట, లోపల కంపెనీ పేరు ఉన్న పట్టీతో సహా. “ఆ పేరు సదవనేకపోయాను బాబూ. ఏ దేశమెల్తాదో దానికీ తెల్దంట” అంటూ మామ్మ వాలుగ దవడ అందుకొని మళ్ళీ దూది దువ్వసాగింది.